చూడని ఊరికి దారి చెప్పడం

పద్నాలుగేళ్ళు నేను ఒక ఫ్రెంచి ఊరికి వచ్చేవాళ్ళకు దారి చెప్పాను. ఆ ఊళ్ళో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. నేను కూర్చున్నది మాదాపూర్‌లో, ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో, ఏసీ చలికి భుజాల మీద శాలువా కప్పుకుని. మొన్ననే రిటైరయ్యాను. వెళ్ళేముందు కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్ ఇమ్మన్నారు. స్లైడులు చేయడం నాకు చేతకాదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్ల సంగతి ఉండదు. నాకు వచ్చినవి రెండే, ఆ రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

మాది యానాం. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా చిన్న ఊరు. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. ఆయనకు కోపం వస్తే ఫ్రెంచిలో తిట్టేవారు, బాగా కోపం వస్తే తెలుగులో తిట్టేవారు. ఆ మొదటి రకం తిట్లతోనే నా భాష మొదలైంది. తర్వాత పుదుచ్చేరిలో డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక మియాపూర్‌లో కాపురం పెట్టి, ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయాను. నాకొచ్చిన ఫ్రెంచి ఎప్పుడైనా అన్నం పెడుతుందని మా అత్తగారు ఒక్కరోజు కూడా నమ్మలేదు, నేనూ నమ్మలేదు. నలభై నాలుగో ఏట ఈ ఉద్యోగం దొరికినప్పుడు మొదటి జీతంతో ఆవిడకు పట్టుచీర కొన్నాను. "ఏదో ఒకలా పనికొచ్చిందిలే" అన్నారు ఆవిడ, చీర అంచు చూసుకుంటూ.

కొండూరు

మా కంపెనీ పని చెప్పడం తేలిక. ఫ్రాన్సులో చిన్న చిన్న పాత ఊళ్ళు చాలా ఉన్నాయి. కోటగోడలూ, చర్చిలూ, రాళ్ళు పరిచిన సందులూ చూడటానికి వేసవిలో జనం విరగబడి వస్తారు. ఆ ఊళ్ళ టూరిస్టు ఆఫీసుల్లో ఉండేది ఇద్దరో ముగ్గురో. వాళ్ళు ఎత్తలేని ఫోన్లూ, జవాబు రాయలేని మెయిళ్ళూ మాకు మళ్ళేవి. నాకు అప్పగించిన ఊరు ఒక కొండ మీద ఉంది. దాని అసలు పేరు పలకడానికి సగం మందికి నోరు తిరగక, మేమందరం దాన్ని కొండూరు అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను.

కొండూరు కింద పార్కింగూ, హోటళ్ళూ, రైలు స్టేషనూ ఉంటాయి. కోటద్వారం దాటాక బయటివాళ్ళ కార్లు వెళ్ళవు. మెట్లవీధి ఒకటి పైకి పోతుంది. పైన ఎనిమిది వందల ఏళ్ళ నాటి చర్చి, దాని ముందు రాతి అరుగు, అక్కడినుంచి చూస్తే లోయంతా కనిపిస్తుంది. ఈ ఊరి మ్యాపు నాకు మా మియాపూర్ కంటే బాగా తెలుసు. మియాపూర్‌లో నెలకో కొత్త అపార్టుమెంటు లేచి గుర్తులు మారిపోతాయి. కొండూరులో ఒక తలుపు రంగు మార్చాలన్నా మునిసిపాలిటీని అడగాలి.

పన్నెండు గంటలకు ఆ ఊరు మొత్తం భోజనానికి మూసేస్తారు. మ్యూజియం, దుకాణాలు, టూరిస్టు ఆఫీసు, అన్నీ. రెండింటికి గానీ తలుపు తెరుచుకోదు. వాళ్ళు మూసే వేళకు మాకు మధ్యాహ్నం మూడున్నర. కొత్తలో నాకిది వింతగా ఉండేది, ఊరినిండా జనాన్ని పెట్టుకుని షట్టరు దించేయడమేమిటని. తర్వాత తర్వాత మాకు కూడా అదే వేళకు టీ తాగే అలవాటైంది. భోజనాన్ని అంత గౌరవించే ఊరు చెడ్డదయ్యే అవకాశం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

మా మేనేజరు ప్రతాపరెడ్డిగారిది కడప. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి నియమం చెప్పారు.

"సూడు భానమ్మా, యాడ్నించి మాట్లాడతాండావని ఎవరైనా అడిగితే, సందర్శకుల సేవాకేంద్రం అని చెప్పు. హైదరాబాదు మాట ఎత్తొద్దు. ఆ ఊర్లో ఉండానని అబద్ధమూ చెప్పొద్దు."

"మరి ఏం చెప్పాలండీ?"

"వాతావరణం గురించి అడుగు. తెల్లోళ్ళు మాట మార్చేస్తారు."

నిజంగానే మార్చేసేవారు.

తిట్టేవాళ్ళు

కొత్తవాళ్ళకు నేను ఇచ్చే మొదటి సలహా: తిట్టే మనిషిని పోగొట్టుకోకండి. మెచ్చుకునేవాళ్ళు ఒకసారి మెచ్చుకుని వెళ్ళిపోతారు. తిట్టేవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు, వచ్చినప్పుడల్లా మనకు తెలియనిది ఒకటి చెప్పి పోతారు.

నా వంతుకు వచ్చినావిడ ఒడీల్. చర్చి పక్కన రొట్టెల దుకాణం ఆవిడది. సోమవారం దుకాణం సెలవు. మా వెబ్‌సైటులో మాత్రం తెరిచి ఉంటుందని ఉండేది. జనం మెట్లన్నీ ఎక్కి వచ్చి, మూసిన తలుపు చూసి, పైన ఇంట్లో ఉన్న ఒడీల్‌ను కేకేసేవారు. ఆవిడ నాకు ఫోన్ చేసి కేకలేసేది. నేను "చూస్తామండీ" అనేదాన్ని. మన దగ్గర "చూస్తాం" అంటే ఆ పని ఇప్పట్లో కాదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఒడీల్‌కు తెలియదు. చూస్తామన్నారు కదా, చూశారా అని ప్రతి మంగళవారం అడిగేది. ఆరోసారి అడిగాక సిగ్గేసి, నేనే కూర్చుని ఆ పేజీ మార్పించాను. మరుసటి మంగళవారం ఫోన్ వచ్చింది. "ఈసారి ఏం తప్పు దొరికిందండీ?" అన్నాను. "ఏమీ లేదు, అలవాటు కొద్దీ చేశాను" అంది. అలా మాకు స్నేహం కుదిరింది.

ఐదు నిమిషాలు

ఇప్పుడు నా తప్పు గురించి చెప్పాలి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మనకొక గుణం ఉంది. దారి అడిగినవాడికి తెలియదని చెప్పడం మనకు మర్యాద కాదు. మా యానాంలో "ఇక్కడేనండీ, రెండడుగులు" అంటారు. హైదరాబాదులో "జర ముందుకు పోండి, ఆడ ఎవర్నడిగినా చెప్తరు" అంటారు. రెండడుగులు రెండు కిలోమీటర్లవుతాయి, ముందుకు పోతే చెప్పేవాడు ఎవడూ ఉండడు. అయినా మనం ఎవరినీ తిట్టుకోం, ఎందుకంటే రేపు మనమూ అలాగే చెబుతాం.

చేరిన ఐదో ఏడు, సెప్టెంబరు నెలలో, బెర్నార్ అనే పెద్దాయన ఫోన్ చేశారు. ఉత్తరాన ఎక్కడో ఉంటారట. భార్యతో కలిసి వచ్చే వారం కొండూరు వస్తున్నారు. "మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. పైన చర్చి దాకా దూరమా?" అని అడిగారు. నా వెనకాల మూడు ఫోన్లు వరసలో ఉన్నాయి. మ్యాపు మీద చూస్తే కోటద్వారానికీ చర్చికీ మధ్య నా చిటికెన వేలంత దూరం.

"దగ్గరేనండీ. ఐదు నిమిషాలు. చాలా అందమైన దారి" అన్నాను.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు.

వారం తర్వాత, ఒక బుధవారం మధ్యాహ్నం, ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు. మెట్లవీధి మొదట్లో బెంచీ మీద కూర్చుని మాట్లాడుతున్నారు. నలభై రెండు మెట్లు ఎక్కాక భార్య ఇక వల్లకాదందట. దిగలేక, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ కిందికి వచ్చిందట. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"మేడమ్, మీరు ఈ వీధి ఎప్పుడైనా ఎక్కారా?" అని అడిగారు.

వాతావరణం గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. "లేదండీ. నేను ఇండియాలో ఉన్నాను, హైదరాబాదులో. మీ వీధిని ఫోటోల్లో చూడటమే" అన్నాను.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. ఆ పై చర్చిలోనే వాళ్ళ పెళ్ళయింది. ఇప్పుడు కొలెట్‌గారికి, అంటే ఆయన భార్యకు, రెండు కళ్ళూ మసకబారుతున్నాయి. చలికాలం నాటికి చూపు మిగలదని డాక్టరు చెప్పేశాడు. ఆ అరుగు మీద నిలబడి లోయను ఒక్కసారి చూసుకోవాలని వచ్చారు. శుక్రవారం పొద్దున్నే వాళ్ళ రైలు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, హెడ్‌సెట్ మ్యూట్‌లో పెట్టి.

కడప మాట

నా పక్క సీట్లో స్వరూప ఉండేది. సిద్దిపేట అమ్మాయి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్ద. విషయం విని నెత్తి కొట్టుకుంది.

"భానక్కా, మనోళ్ళకు గిట్ల చెప్తే నడుస్తది. మనం అయిదు నిమిషాలంటే అర్ధగంట అని ఎదుటోనికి ఎర్కే. పాపం గాయినకు ఎట్ల ఎర్కైతది?"

"తిట్టకే స్వరూపా, ఇప్పటికే చచ్చిపోతున్నాను."

"తిడ్తలేను. ముందుగాల పోయి సార్‌కు చెప్పు. రికార్డింగ్ ఆయన చెవుల పడకముందే చెప్పు."

వెళ్ళి చెప్పాను. దారి తప్పు చెప్పడం ఒకటి, హైదరాబాదు అని చెప్పేయడం రెండు. ఆ నెలలోనే కొండూరు కాంట్రాక్టు మళ్ళీ రాసుకోవాల్సి ఉంది. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ప్రతాపరెడ్డిగారు అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంగ ఎన్ని దినాలుండాయి వాళ్ళకు?"

"రేపొక్కరోజండీ."

"మరి ఈడ నిలబడుకొని ఏం చేస్తాండావు? పో, ఏదో ఒక దావ సూడు. పెద్దోళ్ళతో నేను మాట్లాడతా."

"కాంట్రాక్టు పోతుందేమోనండీ."

"పోతే ఇంగొకటి తెచ్చుకుంటాం లేమ్మా. ఆయమ్మకు కండ్లు పోతే యాడ తెచ్చేది?"

నేను చాలామంది బాసులను చూశాను. బాగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, బాగా చదువుకున్నవాళ్ళు ఉన్నారు. తప్పు జరిగినప్పుడు ఫోన్ తన చేతిలోకి తీసుకున్నవాడు ఈయన ఒక్కడే. ఆయన నా పని మెచ్చుకున్న సందర్భం ఒక్కటీ గుర్తులేదు, ఆ రోజుతో కలిపి. అయినా ఆయన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

పిండి బండి

ఒడీల్‌కు ఫోన్ చేశాను. ఆ దుకాణంలోకి బస్తాల కొద్దీ పిండి వస్తుంది కదా, నూటపంతొమ్మిది మెట్లు మోసుకొస్తారా ఏమిటి అనిపించింది నాకు. మెట్లు నూటపంతొమ్మిదని అప్పుడే ఒడీల్‌ను అడిగి తెలుసుకున్నాను. ఐదేళ్ళుగా ఆ వీధి గురించి చెబుతూ, ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు నాకు.

శ్మశానం వెనకనుంచి సన్నటి మట్టిదారి ఒకటి ఉందట. సరుకుల బండ్లకే అనుమతి, అదీ పది గంటల లోపు. గురువారం ఎనిమిదింటికి ఒడీల్ భర్త పిండి తీసుకొస్తాడు.

"ముందు సీట్లో ఒకరు పడతారు. బెర్నార్‌గారికి కాళ్ళున్నాయి కదా, నడవమనండి" అంది ఒడీల్.

"అనుమతి?"

"మీరు హైదరాబాదులో ఉన్నారని ఇప్పుడేగా చెప్పారు. అక్కడినుంచి మీకు ఏమీ కనపడదు."

అయినా నేను టూరిస్టు ఆఫీసు పెద్దావిడకు ఫోన్ చేశాను. ఆవిడ నిబంధన మొత్తం చదివి వినిపించి, చివర్లో, గురువారం పొద్దున తాను తొమ్మిదిన్నర దాకా ఆఫీసుకు రానని చెప్పి పెట్టేసింది. ఈ మాట ఒకే ఫోన్‌లో ఎందుకు రెండుసార్లు చెప్పిందో అర్థం కావడానికి నాకు అర నిమిషం పట్టింది.

మరునాడు షిఫ్టుకు రెండు గంటలు ముందే వచ్చి కూర్చున్నాను. స్వరూప నాకు తోడుగా వచ్చి, రెండు ఇరానీ చాయ్‌లు తెచ్చి పెట్టి, గోళ్ళు కొరుక్కుంటూ నా ఫోన్‌నే చూస్తోంది. మా గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలకు మోగింది. ఎత్తితే ఆడగొంతు.

"మేడమ్, నేను కొలెట్‌ని. చీర... అదే, గౌను నిండా పిండి. కానీ పైన ఉన్నాను."

చీర అన్నదని రాయడం నా అలవాటు తప్పు, క్షమించాలి. ఆవిడ గౌను అనే అన్నారు. నా బుర్రలో మాత్రం ఆవిడ ఎప్పుడూ చీరలోనే ఉంటారు, ఏం చేయను.

బాగున్నారా, ఎండ తగులుతోందా అని అడుగుతున్నాను. ఆవిడ నన్ను ఆపేశారు. "మీరు ఈ చోటు చూడలేదని మా ఆయన చెప్పారు. మీకు ఏం తెలుసో ముందు చెప్పండి."

ఐదేళ్ళుగా అందరికీ అప్పజెప్పే పాఠం చెప్పాను. కుడివైపు నది, ఎడమవైపు ద్రాక్షతోటలు, దూరంగా రాతి వంతెన.

"తప్పు. నది ఎడమవైపు ఉంది" అన్నారు కొలెట్‌గారు.

నా ముందున్న బ్రోషర్ చూశాను. కుడివైపే ఉంది. ఆ ఫోటోను ఎవరో తిరగేసి అచ్చేశారు. ఐదేళ్ళు నేను ఒక నదిని అటుదిటు పారించాను. స్వరూప నవ్వు ఆపుకోలేక సీట్లోంచి లేచి వెళ్ళిపోయింది.

"కాగితం ఉందా? రాసుకోండి. నేను నెమ్మదిగా చూస్తాను, మీరు నెమ్మదిగా రాయండి" అన్నారు ఆవిడ.

రాసుకున్నాను. ఎడమవైపు నది, మధ్యలో ఒక లంక, దాని మీద మూడు చెట్లు, మూడోది కాస్త వంగి ఉంది. తోటల్లో ఎర్ర ట్రాక్టరు. వంతెనకు ఐదు కమానులు, నాలుగోదాని కింద నీళ్ళు నల్లగా ఉంటాయి. ఒక ఇంటి కప్పు మీద కుక్క నిద్రపోతోంది, అది అక్కడికి ఎలా ఎక్కిందో తెలియదు. గాలి వస్తే రొట్టె వాసన. గంట కొట్టినప్పుడు కింద అరుగు అదిరినట్టుంటుంది, ఆ అదురు అరికాళ్ళకు తెలుస్తుంది. ముప్పావుగంట చెప్పారు. ఏదైనా మళ్ళీ చెప్పమంటే, మళ్ళీ చూసి చెప్పేవారు.

మెట్లు

కాంట్రాక్టు పోలేదు. ప్రతాపరెడ్డిగారు అవతలి పెద్దలకు ఏం చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎక్కడినుంచి మాట్లాడుతున్నామో అడిగితే చెప్పవచ్చునని మాత్రం ఆ తర్వాత నియమం మారింది. చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. సగం మంది బిర్యానీ గురించి అడిగారు.

స్వరూప ఇంకో నియమం పెట్టింది. కొండూరు డెస్కులో కొత్తగా చేరే ఎవరైనా సరే, మొదటి ఫోన్ ఎత్తేముందు నూటపంతొమ్మిది మెట్లు ఎక్కాలి. మొదటి పరీక్ష మా ఇద్దరికే. ఒక ఆదివారం మియాపూర్ మెట్రో స్టేషన్‌లో, ఎస్కలేటర్ పక్కనే పెట్టుకుని, మెట్లు లెక్కపెడుతూ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. దిగినవి లెక్కలోకి రావని స్వరూప పేచీ. తొంభయ్యో మెట్టు దగ్గర నాకు ఆయాసం వచ్చి రెయిలింగు పట్టుకున్నాను. సెక్యూరిటీ ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నరు మేడమ్? అప్పట్నుంచి చూస్తున్న."

"ఏం పోలే అన్నా, ఫ్రాన్స్ పోతున్నం. ఇంక ముప్పై మెట్లున్నయ్" అంది స్వరూప.

నాకు పదకొండు నిమిషాలు పట్టింది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి ఎంత పడుతుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడు సగం మెయిళ్ళకు కంప్యూటరే జవాబిస్తోంది. దాన్ని నేనొకసారి అడిగి చూశాను, కోటద్వారం నుంచి చర్చికి ఎంతసేపని. ఐదు నిమిషాలు అంది. దానికీ మన గాలే సోకిందనుకుంటాను. దాన్ని మెట్లు ఎక్కించడం మన వల్ల కాదు, అందుకే మీరు ఎక్కండి.

ఇవాళ

వాళ్ళు వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు అక్టోబరులో కొలెట్‌గారి ఫోన్ వచ్చింది. డాక్టరు చెప్పినట్టే అయిందని, ఏదో సరుకు అయిపోయిందని చెప్పినట్టుగా చెప్పారు.

"మీ కాగితం ఉందా?" అన్నారు.

ఉంది. కాగితాన్ని నోటుబుక్కులో అతికించుకున్నాను. చదివాను. ఎడమవైపు నది, లంక, మూడు చెట్లు, వంగినది. ట్రాక్టరు దగ్గర "ఎర్రది" అని నాకంటే ముందే అన్నారు. కుక్క దగ్గర ఇద్దరం నవ్వాం.

అంతా అయ్యాక అడిగారు. "ఇవాళ ఎలా ఉంది అక్కడ?"

నిజం చెబుతున్నాను, బ్రహ్మాండంగా ఉందని చెప్పబోయాను. ఎండ కాస్తోంది, నది మెరుస్తోంది అంటే ఏం పోయింది? చూపు లేని మనిషి, వందల మైళ్ళ దూరంలో ఉంది, సంతోషపడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదండీ. ఒక్క నిమిషం లైన్లో ఉండండి, కనుక్కుని చెబుతాను" అన్నాను.

రెండో లైన్లో ఒడీల్‌కు చేశాను. పొయ్యి దగ్గర పని వదిలి, గొణుక్కుంటూ అరుగు దాకా వెళ్ళింది. ఆవిడ చెప్పింది విని మళ్ళీ ఇటు వచ్చాను.

"పొగమంచట అండీ. నది లేదు, వంతెన లేదు, తోటలు లేవు. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళకెవరికీ ఏమీ కనపడటం లేదట."

కొలెట్‌గారు పెద్దగా నవ్వారు. హెడ్‌సెట్ తీసి పట్టుకోవలసి వచ్చింది, అంత పెద్దగా.

"అయితే ఇవాళ ఆ ఊళ్ళో అందరికంటే బాగా చూసింది మనిద్దరమే" అన్నారు.